ఒకే తీర్పు, రెండు ఫిర్యాదులు: ‘జోకర్’ రెండో భాగాన్ని కాదన్నదెవరు, ఎందుకు?

సభకు నమస్కారం.

2024 అక్టోబరు 4న అమెరికాలో విడుదలైన ‘జోకర్: ఫోలీ ఆ దూ’ చిత్రానికి సినిమాస్కోర్ సంస్థ సేకరించిన ప్రేక్షకాభిప్రాయంలో ‘డి’ గ్రేడు వచ్చింది. కామిక్ పుస్తకాల పాత్రలతో హాలీవుడ్ తీసిన సినిమాల్లో అంతకుముందు దేనికీ అంత తక్కువ గ్రేడు రాలేదు. సమీక్షలను క్రోడీకరించే రాటెన్ టొమాటోస్‌లో మెచ్చుకున్న విమర్శకులు మూడింట ఒక వంతుకు మించలేదు, సామాన్య ప్రేక్షకుల మార్కులూ ఇంచుమించు అక్కడే ఆగిపోయాయి. విమర్శకులకు నచ్చినది జనానికి నచ్చదని, జనానికి నచ్చినది విమర్శకులకు ఎక్కదని మనం తరచు వినే మాటకు ఈ సినిమా దగ్గర చోటే లేకుండా పోయింది. అయితే ఇద్దరూ ఒకే తీర్పు చెప్పారు కాబట్టి ఇద్దరి కారణమూ ఒకటేనని అనుకోవడానికి వీల్లేదు. విమర్శకులు ఫిర్యాదు చేసింది సినిమా పనితనం మీద; అభిమానులు ఫిర్యాదు చేసింది సినిమా ఉద్దేశం మీద. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే, చీకటి నిండిన సూపర్ హీరో చిత్రాల కొనసాగింపుల్లో కొన్నింటిని జనం నెత్తిన పెట్టుకోవడమూ కొన్నింటిని విసిరికొట్టడమూ ఎందుకు జరుగుతుందో మనకు అంతుపట్టదు.

ముందుగా ఆ గ్రేడు సంగతి చూద్దాం. సినిమాస్కోర్ వారు విడుదలైన తొలి రోజున అమెరికా, కెనడాల్లోని కొన్ని థియేటర్లలో ప్రేక్షకుల చేతికి చిన్న కార్డులు ఇచ్చి అభిప్రాయం రాయించుకుంటారు. తొలి రోజే టికెట్టు కొనుక్కుని వచ్చేవాడు సాధారణంగా ఆ సినిమా కోసం ఎదురుచూసినవాడే అయివుంటాడు. అందుకే ఓ మాదిరి సినిమాలకు సైతం ‘బి’ వరుసలో గ్రేడు దక్కుతుంది. 2019లో వచ్చిన మొదటి ‘జోకర్’కు ‘బి ప్లస్’ వచ్చింది. అలాంటి కొలమానంలో ‘డి’ రావడమంటే, ఊరికే చూసిపోదామని వచ్చినవారు పెదవి విరవడం కాదు, మనవాళ్లు అనుకుని వచ్చినవారే మండిపడడం. మన సినిమా వ్యాపారుల పరిభాషలో చెప్పాలంటే మొదటి ఆటకే టాక్ పోయింది. మొదటి భాగం తొలి వారాంతంలో అమెరికాలో 9 కోట్ల 60 లక్షల డాలర్లు రాబట్టగా, రెండో భాగం నాలుగు కోట్లనైనా అందుకోలేదు; రెండో వారాంతానికి ఆ వసూళ్లు కూడా 81 శాతం పడిపోయాయి. ప్రపంచమంతటా కలిపి వంద కోట్ల డాలర్లు దాటిన సినిమాకు కొనసాగింపుగా, సుమారు 20 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన చిత్రం, తన మొత్తం పరుగులో ఇంచుమించు ఆ ఖర్చుకు సమానమైన వసూళ్ల దగ్గరే నిలిచిపోయింది. అందులో థియేటర్ల వాటా పోగా నిర్మాణ సంస్థకు మిగిలేది ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కోపం అర్థం కావాలంటే 2019కి వెళ్లాలి. మొదటి చిత్రం వెనిస్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారమైన గోల్డెన్ లయన్ గెలుచుకుంది. ఆ తరువాత 11 ఆస్కార్ నామినేషన్లు పొంది, వాకీన్ ఫీనిక్స్‌కు ఉత్తమ నటుడి పురస్కారాన్ని, హిల్దుర్ గుద్నదోత్తిర్‌కు ఉత్తమ సంగీతానికి పురస్కారాన్ని తెచ్చింది. అయినా అమెరికన్ విమర్శకుల్లో గణనీయమైన భాగం దానిని అనుమానంగానే చూసింది. సమాజం తొక్కివేసిన ఒంటరి మగవాడు తుపాకీ పట్టి ప్రఖ్యాతుడవడాన్ని ఈ సినిమా ఖండిస్తున్నదా, హారతి పడుతున్నదా అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్న గాలిలోంచి ఊడిపడినది కాదు. 2012 జులై 20న కొలరాడో రాష్ట్రంలోని అరోరాలో బ్యాట్‌మాన్ చిత్రం ‘ది డార్క్ నైట్ రైజెస్’ అర్ధరాత్రి ఆట నడుస్తుండగా ఒక యువకుడు కాల్పులు జరిపి 12 మందిని చంపాడు. ఆ మృతుల కుటుంబాలకు చెందిన కొందరు ‘జోకర్’ విడుదలకు ముందు వార్నర్ బ్రదర్స్ సంస్థకు తమ ఆందోళన తెలుపుతూ లేఖ రాశారు. ఈ పాత్ర హింసను సమర్థించడం తమ ఉద్దేశం కాదని సంస్థ ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. అనుమానాలు ఎన్ని ఉన్నా ప్రేక్షకులు మాత్రం జోకర్‌గా మారే కథానాయకుడు ఆర్థర్ ఫ్లెక్‌ను, అంటే ఫీనిక్స్ పోషించిన పాత్రను, అక్కున చేర్చుకున్నారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో ఒక వీధి మెట్ల మీద అతడు ఆడిన నాట్యాన్ని అనుకరించడానికి దేశదేశాల నుంచి జనం అక్కడికి వెళ్లారు.

దర్శకుడు టాడ్ ఫిలిప్స్ రెండో భాగంలో చేసిన పని, ఆ ఆర్థర్‌ను బోనులో నిలబెట్టడం. మొదటి సినిమాలో మనం చూసిన హత్యలకే ఇక్కడ విచారణ జరుగుతుంది. చివరకు ఆర్థర్, జోకర్ అనేవాడు ఎవడూ లేడని, చేసినదంతా తానేనని జూరీ ముందు ఒప్పుకుంటాడు. ఆ మాటతో లేడీ గాగా పోషించిన అతని ప్రేయసి లీ క్విన్జెల్ న్యాయస్థానంలోంచి లేచి వెళ్లిపోతుంది. ఆమె ప్రేమించింది రంగు పూసిన ముఖాన్ని, దాని వెనక ఉన్న దిక్కులేని మనిషిని కాదు. ఆఖరుకు ఆర్థర్ జైలులోనే మరో ఖైదీ చేతిలో కత్తిపోట్లకు గురై నేలకొరుగుతాడు.

దీని మీద అభిమానుల ఫిర్యాదు చాలా సూటిగా ఉంది. మొదటి సినిమాను ప్రేమించినందుకు దర్శకుడు తమనే దోషులుగా నిలబెట్టాడని వారు భావించారు. 2019లో విమర్శకులు వేసిన నిందకు దర్శకుడు ఇలా సమాధానం చెప్పుకున్నాడని, ఆ సమాధానపు ఖర్చు తమ చేత కట్టించాడని వారి ఉక్రోషం. ఈ భావన నిరాధారమని నేను అనలేను. న్యాయస్థానం బయట విదూషకుల వేషాల్లో కేకలు పెట్టే గుంపును కెమెరా చూసే తీరులో ఆదరణ ఏ కోశానా కనిపించదు. లీ ఏ క్షణాన లేచి వెళ్లిపోయిందో, థియేటరులోని అభిమాని మనసు కూడా ఆ క్షణానే లేచి వెళ్లిపోయింది. తన తిరస్కారాన్ని తానే ముందుగా చిత్రించి పెట్టుకున్న సినిమా ఇది. ఇందులో కొందరికి గొప్ప ధైర్యం కనిపించింది. నాకు సగమే కనిపించింది, ఎందుకంటే జనం కాదంటారని ముందే పసిగట్టడం ఒక ఎత్తు, వారు కాదన్నా నిలబడగలిగేంత బలంగా సినిమాను తీయడం మరొక ఎత్తు.

విమర్శకులు పట్టుకున్నది ఆ రెండో విషయాన్నే. తమ పాత అభ్యంతరానికి బదులు చెప్పిన సినిమాను వారు మెచ్చుకోవాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వారు మెచ్చుకోలేదు. కథ జైలుకూ న్యాయస్థానానికీ మధ్య ఊగుతూ ముందుకు కదలదని, సాక్షులు వచ్చి మనం చూసేసిన సంఘటనలనే మళ్లీ చెబుతారని, లేడీ గాగా వంటి గాయనిని పెట్టుకుని ఆమెకు నిండైన పాత్ర ఇవ్వలేదని ఎక్కువమంది రాశారు. ఫీనిక్స్ నటనకూ లారెన్స్ షేర్ ఛాయాగ్రహణానికీ దక్కిన ప్రశంసలు కూడా ఈ విసుగును దాచలేకపోయాయి.

పాటల గురించి ఒక్క మాట, ఇది మన ప్రాంతానికి కొంత సంబంధించినది కూడా. పాట వస్తే కథ ఆగిపోతుందన్న ఫిర్యాదు మన తెలుగు ప్రేక్షకుడికి వింతగా తోస్తుంది. కథ ఆగినా మనం పాటను భరించడమే కాదు, పాట కోసమే రెండోసారి వెళ్లినవాళ్లం. కానీ మన పాట కథను ఆపిన చోట తన సొంత ఆనందాన్ని చేతిలో పెడుతుంది: బాణీనో, నాట్యాన్నో, ఒక మాట విరుపునో ఇస్తుంది. ఈ సినిమాలో వినిపించేవి చాలా వరకు అమెరికావారి పాత పాటలు. ఆర్థర్ వాటిని కావాలనే పీలగా, గొంతు పెగలని మనిషిలా పాడతాడు. పాత్రకు అది న్యాయమే. కాని ఒకటి తరువాత ఒకటిగా వచ్చే ఆ పాటలు అతని గురించి మొదటి పాట చెప్పినదానికి మించి ఏమీ చెప్పవు, వినసొంపుగానూ ఉండవు. ఇది సంగీత ప్రధాన చిత్రమని చెప్పుకోవడానికి ప్రచారంలో కూడా వెనకాడారు. తాము చూడబోయేది ఏమిటో తెలియకుండా టికెట్టు కొన్నవాడి కోపానికి అదీ ఒక కారణం.

ఇంత చెప్పిన తరువాత ఈ సినిమాలో ఒక్క సన్నివేశాన్ని నేను వదులుకోలేను. మొదటి భాగంలో ఆర్థర్ తన గదిలో ఒక పాత సహోద్యోగిని కత్తెరతో పొడిచి చంపుతాడు. అక్కడే ఉన్న గ్యారీ అనే పొట్టి మనిషిని, నువ్వొక్కడివే నన్ను ఆదరించావంటూ వదిలేస్తాడు. గ్యారీ వణుకుతూ తలుపు దాకా వెళ్తాడు, గొలుసు అతని చేతికి అందదు. తలుపు తీసిపెట్టమని హంతకుణ్ణే అడగవలసి వస్తుంది. భయం నిండిన ఆ గదిలో ప్రేక్షకుడికి నవ్వు వచ్చేలా ఆ ఘట్టాన్ని రూపొందించారు. రెండో భాగంలో అదే గ్యారీ సాక్షిగా వస్తాడు. ఆర్థర్ జోకర్ వేషంలో తన కేసు తానే వాదించుకుంటూ, దక్షిణాది వకీళ్ల యాసను అనుకరిస్తూ, అతన్ని ప్రశ్నలతో ఆటపట్టించబోతాడు. తనను ఎన్నడూ ఎగతాళి చేయనివాడు ఆర్థర్ ఒక్కడేనని, అలాంటివాడే ఆనాడు ఆ పని చేశాక తనను భయం వదలడం లేదని గ్యారీ గొంతు పూడుకుపోతుండగా చెబుతాడు. లే గిల్ అనే నటుడు కొద్ది నిమిషాల్లో మొదటి సినిమా నవ్వించిన నవ్వును మన చేతికి తిరిగి ఇచ్చేస్తాడు. సినిమా అంతా ఈ స్థాయిలో సాగివుంటే అభిమానులు కోపగించుకునేవారేమో గాని విసుక్కునేవారు మాత్రం కాదు.

చీకటిగా ఉండడమే నేరమైతే 2008లో క్రిస్టఫర్ నోలన్ తీసిన బ్యాట్‌మాన్ కొనసాగింపు చిత్రం ‘ది డార్క్ నైట్’ కూడా మునిగిపోవలసింది. అందులో నాయకుడు ప్రేమించిన స్త్రీ కాలిపోతుంది, నగరం నమ్ముకున్న న్యాయవాది హంతకుడవుతాడు, ఆ సంగతిని దాచడానికి నాయకుడే నేరాన్ని నెత్తిన వేసుకుని పారిపోతాడు. బ్రిటన్‌లో పిల్లలను పెద్దల తోడుతో అనుమతించే ధ్రువపత్రం ఇచ్చినందుకు సెన్సారు వారికి వందల సంఖ్యలో ఫిర్యాదులు వెళ్లాయి. అయినా దానికి సినిమాస్కోర్‌లో ‘ఎ’ వచ్చింది. వసూళ్లు వంద కోట్ల డాలర్ల గీతను దాటాయి. అందులో జోకర్‌గా నటించి, విడుదలకు ఆరు నెలల ముందే మరణించిన హీత్ లెడ్జర్‌కు ఆస్కార్ దక్కింది. ఆ మరణం ప్రేక్షకుల మనసును ముందే మెత్తపరిచిందన్నది నిజమే, కాని అంతటి ఆదరణకు అదొక్కటే కారణం కాజాలదు. అప్పట్లో ఆ సినిమా బాగాలేదని రాసిన కొద్దిమంది విమర్శకుల మీద అభిమానులు అంతర్జాలంలో దుర్భాషలతో విరుచుకుపడ్డారు. పదహారేళ్ల తరువాత అటువంటి అభిమానులే విమర్శకుల పక్కన చేరి దర్శకుణ్ణి తిట్టారు.

ఈ తేడాకు మూలం నాకు ‘ది డార్క్ నైట్’లోని రెండు పడవల సన్నివేశంలో కనిపిస్తుంది. ఒక పడవలో పౌరులు, ఒక పడవలో ఖైదీలు. ఎదుటి పడవను పేల్చే మీట ఇటువారి చేతిలో, ఇటు పడవను పేల్చే మీట అటువారి చేతిలో ఉంటాయి. భారీకాయుడైన ఒక ఖైదీ తమ పడవలోని అధికారి దగ్గరకు వచ్చి, మీరు పది నిమిషాల క్రితమే చేయవలసిన పనిని నేను చేస్తానంటాడు. మనమందరం అతడు మీట నొక్కుతాడనే అనుకుంటాం. అతడు దాన్ని కిటికీలోంచి నీళ్లలోకి విసిరేసి వెళ్లి కూర్చుంటాడు. ఆ ఖైదీని అనుమానించిన ప్రేక్షకుణ్ణి కూడా ఆ సినిమా సిగ్గుపరిచింది, కాని సిగ్గుపరిచిన మరుక్షణమే అతని పక్కన కూర్చోబెట్టింది. ‘ఫోలీ ఆ దూ’ సిగ్గుపరచడం దగ్గరే ఆగిపోయింది.

అంతకుముందు 1992లో టిమ్ బర్టన్ ‘బ్యాట్‌మాన్ రిటర్న్స్’కు ఇంకో రకం అనుభవం ఎదురైంది. విమర్శకుల్లో చాలామంది మెచ్చుకున్నారు, కాని పిల్లల భోజనాల పొట్లాలతో సినిమా బొమ్మలు పంచిన మెక్‌డొనాల్డ్స్ మీద తల్లిదండ్రులు మండిపడ్డారు. నోట నల్లని ద్రవం కారే పెంగ్విన్ అనే ప్రతినాయకుడి పాత్ర పిల్లలకు తగదన్నారు. తరువాతి బ్యాట్‌మాన్ చిత్రాన్ని స్టూడియో మరో దర్శకుడు జోయెల్ షూమాకర్ చేతికి ఇచ్చి రంగులు నింపించింది. ఈనాడు ఆ 1992 చిత్రాన్ని క్రిస్మస్ రోజుల్లో ప్రీతిగా చూసుకునేవారు ఎందరో ఉన్నారు.

‘ఫోలీ ఆ దూ’కు కూడా అటువంటి పునర్విచారణ జరుగుతుందా అని అడుగుతారు. చెత్త సినిమాలకిచ్చే ‘గోల్డెన్ రాస్‌బెరీ’ పురస్కారాలు దీనికి అంటగట్టిన మాట నిజం. దర్శకుడు క్వెంటిన్ టరంటినో బహిరంగంగా మెచ్చుకున్న మాటా నిజం. నా అంచనా మాత్రం ఇది: బర్టన్ చిత్రాన్ని కాలం కాపాడిందంటే, అప్పట్లో భయపెట్టిన ఆ పెంగ్విన్‌లోనే తరువాతి తరానికి వినోదం కనిపించింది కాబట్టి. ఇక్కడ జనాన్ని తరిమినవి భయం కాదు, విసుగూ అవమానమూ. అవమానం ఆరిపోవచ్చు, 2019 నాటి ఆవేశం ఎరగని ప్రేక్షకుడు రెండు భాగాలనూ వెంటవెంటనే ఇంట్లో చూసి గ్యారీ సాక్ష్యం దగ్గర ఆగిపోవచ్చు. ఆ పాటలను మాత్రం అతడు కూడా ముందుకు జరిపేస్తాడనే నా నమ్మకం.