రెండు ట్యాబుల్లో మార్కెటింగ్: వ్యూహాన్నీ ప్రణాళికనూ కలిపే ఒక్క నిలువు గడి

నమస్కారం. ఈ వీడియోలో ఒక చిన్న వ్యాపారానికి మార్కెటింగ్ వ్యూహాన్నీ, మార్కెటింగ్ ప్రణాళికనూ ఒకే స్ప్రెడ్‌షీటులో రెండు ట్యాబులుగా తయారు చేద్దాం. బ్రౌజరు పైనున్న అడ్రసు గడిలో షీట్స్ డాట్ న్యూ (sheets.new) అని కొట్టి ఎంటర్ నొక్కితే కొత్త గూగుల్ షీటు నేరుగా తెరుచుకుంటుంది. నేనైతే ఎప్పుడూ ఇలాగే తెరుస్తాను. ఎక్సెల్ అలవాటున్నవారు అందులోనే చేసుకోవచ్చు, పద్ధతి మారదు, కొన్ని మెనూలు మాత్రం వేరుగా ఉంటాయి. మొదటి ట్యాబుకు వ్యూహం అనీ, రెండో దానికి ప్రణాళిక అనీ పేర్లు పెట్టాను, చూస్తున్నారు కదా.

ఉదాహరణగా తీసుకున్నది ఇద్దరు మనుషులు నడిపే కంప్యూటర్ సర్వీసింగ్ వ్యాపారం. ఇది ఊహించి చెబుతున్నది కాదు, కొన్నేళ్ల కిందట నేనూ నా భాగస్వామీ నడిపినదే. ఎవరికి అమ్మాలి, వారికి ఏ మాట ఇవ్వాలి, మిగతా వారిని కాదని వారు మన దగ్గరికే ఎందుకు రావాలి అన్న నిర్ణయాలన్నీ వ్యూహం కిందికి వస్తాయి. ఆ నిర్ణయాలు నెరవేరడానికి ఏ వారం, ఎవరు, ఎంత ఖర్చుతో ఏ పని చేయాలో చెప్పే పట్టిక ప్రణాళిక. వ్యూహం ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించి మారకూడదు, ప్రణాళిక నెలనెలా మారుతూనే ఉంటుంది. అందుకే ఈ రెండింటినీ ఒకే ట్యాబులో కలిపి రాయవద్దని అంటున్నాను.

వ్యూహం ట్యాబులో నాలుగు వరుసలు చాలు. మొదటిది, ఎవరికి: 10 నుంచి 20 కంప్యూటర్లు ఉండి, వాటిని చూసుకోవడానికి సొంత మనిషి లేని కార్యాలయాలు. రెండోది, ఎవరికి కాదు: ఇళ్లలోని కంప్యూటర్లు. మూడోది, మాట: ఉదయం ఫోన్ చేస్తే ఆ రోజే మనిషి వస్తాడు. నాలుగోది, లక్ష్యం: 6 నెలల్లో 12 వార్షిక నిర్వహణ ఒప్పందాలు. రెండో వరుసను చాలామంది ఖాళీగా వదిలేస్తారు, వచ్చిన బేరాన్ని ఎవరు కాదనుకుంటారని అడుగుతారు. ఆ ఖాళీకి మేము ఎంత మూల్యం చెల్లించామో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు ప్రణాళిక ట్యాబు. పై వరుసలో పని, ఎవరు, ఎప్పటిలోగా, ఖర్చు, ఫలితం అని శీర్షికలు రాశాను. వ్యూ మెనూలో ఫ్రీజ్ నొక్కి ఒక వరుస ఎంచుకుంటే, కిందికి వెళ్లినా శీర్షికలు కదలకుండా ఉంటాయి. ఇదంతా మీకు తెలిసిందే కనుక త్వరగా దాటేస్తున్నాను.

ఇక ఈ గడి దగ్గర ఆగుదాం. పని అన్న శీర్షిక పక్కన ఇంకొక నిలువు గడి, అంటే కాలమ్, చేర్చి, దానికి ఏ వరుస కోసం అని పేరు పెడుతున్నాను. మొదటిసారి ప్రణాళిక వేసినప్పుడు నా దగ్గర ఈ గడి లేదు. వ్యూహం ట్యాబే లేదు. నేరుగా 12 నెలల క్యాలెండరు వేసి, వారానికి మూడు పోస్టులు, నెలకొక కరపత్రం, ఒక తగ్గింపు ధర అని నింపి, రంగులు కూడా అద్ది, మూడు నెలలు ఒక్క గడి తప్పకుండా అన్నీ చేశాం. ఫోన్లు బాగానే వచ్చాయి, కానీ ఎక్కువ భాగం ఇళ్ల నుంచి వచ్చాయి. ఒక్క కంప్యూటరు కోసం వెళ్లి పూట గడిపి వచ్చేవాళ్లం. అలాంటి ఒక రోజున, సర్వరు ఆగిపోయి మా కోసం ఎదురుచూస్తున్న కార్యాలయానికి రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాం, ఆ నెలాఖరుకే వారు ఒప్పందం రద్దు చేసుకున్నారు. ప్రణాళిక నూటికి నూరుపాళ్లు అమలైంది. ఆ అమలే మమ్మల్ని దెబ్బతీసింది.

అందుకని ఈ గడి. ఇన్సర్ట్ మెనూలో డ్రాప్‌డౌన్ ఎంచుకుని, పక్కన తెరుచుకున్న పెట్టెలో జాబితాను రేంజి నుంచి, అంటే మనం చూపించే గడుల నుంచి, తీసుకోమని చెప్పి, వ్యూహం ట్యాబులోని ఆ నాలుగు పేర్లను చూపించాలి. ఇప్పుడు ప్రతి పని పక్కన బాణం గుర్తు నొక్కితే ఎవరికి, ఎవరికి కాదు, మాట, లక్ష్యం అని కనిపిస్తాయి. అందులో ఒకటి ఎంచుకోలేకపోతే ఆ పని ప్రణాళికలో ఉండకూడదు. అయితే ఇక్కడ మనల్ని మనమే మోసం చేసుకునే వీలుంది, ఇష్టమైన పనిని నిలుపుకోవడానికి ఏదో ఒక పేరు తగిలించేస్తాం. ఈ పని మానేస్తే ఆ వరుసకు ఏం నష్టమని అడిగి చూడండి. నష్టమేమిటో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ పనిని తీసేయండి. నా పాత క్యాలెండరును ఇలా వడపోస్తే సగానికి పైగా పనులు ఎగిరిపోయాయి.

దీన్నే వెనక్కి తిప్పి కూడా చూడాలి. వ్యూహం ట్యాబులో ప్రతి వరుస చివర కౌంట్‌ఇఫ్ సూత్రం పెడుతున్నాను, తెరపై చూడండి, ఆ వరుస కోసం ప్రణాళికలో ఎన్ని పనులున్నాయో అది లెక్కిస్తుంది. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు మాట అన్న వరుస ఎదుట సున్నా వచ్చింది. ఆ రోజే వస్తామని కరపత్రంలో అచ్చు వేయించాం కానీ, ఆ రోజే వెళ్లగలగడానికి కావలసిన ఏర్పాటు ఒక్కటీ చేయలేదు. మార్కెటింగ్ ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ 1960లో ప్రోడక్ట్ (అమ్మేది), ప్రైస్ (ధర), ప్లేస్ (అందించే చోటు), ప్రమోషన్ (ప్రచారం) అని నాలుగు పీలు చెప్పినా, మార్కెటింగ్ ప్రణాళిక అనగానే చిన్న వ్యాపారులు నాలుగో దాన్నే నింపుతారు. మేమూ అదే చేశాం. ఆ సున్నా చూశాక విడి భాగాలు ముందే తెచ్చి పెట్టుకోవడం, ఉదయం ఫోన్ ఎవరు ఎత్తాలో తేల్చుకోవడం, ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా వంతులు వేసుకోవడం అన్నవి ప్రణాళికలో చేరాయి. ఇవి ప్రచారం కాదు, కానీ మార్కెటింగే.

తర్వాత లక్ష్యాన్ని వారాల్లోకి దించాలి. మా నోటుపుస్తకంలో చూస్తే, కలిసి మాట్లాడిన ప్రతి నాలుగు కార్యాలయాల్లో ఒకటి ఒప్పుకుంటోంది. 12 ఒప్పందాలు కావాలంటే 48 కార్యాలయాలను కలవాలి, అంటే నెలకు 8, వారానికి 2. ప్రయాణంతో కలిపి ఒక్కోదానికి 2 గంటలు వేసుకుంటే వారానికి 4 గంటలు పోతాయి. ఖర్చు గడిలో డబ్బుతో పాటు ఈ గంటలను కూడా రాయండి, ఎందుకంటే ఇద్దరే ఉన్న వ్యాపారంలో డబ్బు కంటే ముందు అయిపోయేది సమయమే.

నెలాఖరున ఫలితం గడి నింపేటప్పుడు తప్పు ఏ ట్యాబులో ఉందో తేల్చుకోవాలి. వారానికి ఇద్దరిని కలవాలనుకుని ఒక్కరినే కలిస్తే లోపం ప్రణాళికలో ఉంది కనుక, మనుషులనో గంటలనో సర్దుకోండి. అనుకున్నంత మందినీ కలిసి, సరిగ్గా మాట్లాడినా ఎవరూ ఒప్పుకోకపోతే, ఎంచుకున్న కార్యాలయాలకు మన మాట అక్కరకు రావడం లేదేమోనని వ్యూహం వైపు చూడాలి. అయితే ఒక్క నెల ఫలితంతో వ్యూహాన్ని తిరగరాయకండి. 8 మందిలో ఎవరూ ఒప్పుకోకపోవడం యాదృచ్ఛికం కావచ్చు, కనీసం రెండు నెలలు, 16 మంది దాకా ఆగండి.

మార్చక తప్పదనుకున్నప్పుడు పాతది చెరిపేయకుండా, వ్యూహం ట్యాబు మీద రైట్ క్లిక్ చేసి డూప్లికేట్ నొక్కి, నకలు తీసి పెట్టుకోండి. అసలు ట్యాబులో మార్చిన వరుస పక్కన కంట్రోల్, సెమీకోలన్ కలిపి నొక్కితే ఆ నాటి తేదీ పడుతుంది. తేదీ పక్కన ఎందుకు మార్చారో ఒక్క వాక్యం రాసి, ప్రణాళిక ట్యాబుకు వచ్చి, ఆ వరుస పేరుతో ఉన్న పనులను ఫిల్టరు చేసి చూడండి. ముందుగా మార్చుకోవలసిన పనులు అవే.