డ్రాయింగ్ ప్రకారమే పెట్టాం, అయినా ఎందుకు ఫెయిల్ అయింది?

నాకు తెలిసిన కుర్రాడొకడు మొన్న ఫోన్ చేశాడు, గొంతులోనే చిరాకు తెలుస్తోంది. "అన్నా, అప్రూవ్ అయిన డ్రాయింగ్ చూసే పెట్టాను, టేపు పట్టి కొలిచాను, అంగుళం కూడా తేడా లేదు, అయినా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ఈ స్మోక్ డిటెక్టర్ జరపాలని రాసేసి వెళ్లిపోయాడు" అన్నాడు. ఫోటో పంపరా అన్నాను. చూస్తే నిజమే, డ్రాయింగ్‌లో ఉన్న చోటే ఉంది. కానీ దానికి జానెడు దూరంలో ఏసీ గాలి దిగే డిఫ్యూజర్ ఉంది. డ్రాయింగ్ గీసిన రోజు అది అక్కడ లేదు. డక్టుకి బీమ్ అడ్డొచ్చిందని ఏసీ వాళ్లు ఆరడుగులు ఇటు జరిపారు, మనవాడికి చెప్పలేదు, మనవాడూ అడగలేదు.

ఈరోజు వీడియో అంతా ఈ ఒక్క ఫోటో మీదే. ఎందుకంటే ఫైర్ అలారం పని ఫెయిల్ అయ్యేది డివైజు బిగించడం రాక కాదండీ, స్క్రూ బిగించడం ఎవరికైనా వస్తుంది. డ్రాయింగ్ అప్రూవ్ అయ్యాక బిల్డింగ్ మారిపోతుంది, మనం మాత్రం ఆ కాగితాన్నే పట్టుకుని నిచ్చెన ఎక్కుతాం.

ముందే ఒక మాట. నేను చెప్పే అంకెలు ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే కోడ్‌లోవి. అది అమెరికా వాళ్లది, బయట కూడా చాలా ప్రాజెక్టుల్లో దాన్నే అడుగుతారు. మీ దగ్గర వేరే కోడ్ నడుస్తుంటే అంకె మారుతుంది, అంకె వెనకున్న కారణం మాత్రం అదే. కాబట్టి కారణం పట్టుకోండి.

సరే, డిఫ్యూజర్ సంగతి. పొగ వేడిగా ఉంటుంది కాబట్టి నిటారుగా పైకి లేచి, సీలింగ్‌కి తగిలి, అక్కడి నుంచి దుప్పటి పరిచినట్టు పక్కలకి పాకుతుంది. డిటెక్టర్ ఆ దుప్పటి కోసమే సీలింగ్‌కి అంటుకుని కూర్చుంటుంది. పక్కనే డిఫ్యూజర్ పెడితే ఏమవుతుంది, అది శుభ్రమైన గాలిని ఊదుతూ పొగని దగ్గరికి రానివ్వదు, వచ్చిన కాస్త పొగనీ పలచన చేసేస్తుంది. అందుకే కనీసం మూడు అడుగులు, అంటే 91 సెంటీమీటర్లు, దూరం ఉంచమంటారు. గాలి జోరు ఎక్కువగా ఉంటే నేనైతే ఇంకా జరుపుతాను, మూడు అడుగులు అన్నది కనీసం మాత్రమే, సరిగ్గా అంతే ఉంచాలని కాదు.

"జరిపితే స్పేసింగ్ తప్పుతుంది కదా అన్నా" అన్నాడు వాడు. మంచి ప్రశ్న, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నున్నటి సీలింగ్ మీద స్మోక్ డిటెక్టర్ల మధ్య 30 అడుగులు, గోడ నుంచి అందులో సగం, 15 అడుగులు, ఇది అందరికీ నోటికి వచ్చు. కానీ అదే కోడ్ ఇంకో దారి కూడా ఇస్తుంది, సీలింగ్ మీద ఏ బిందువు తీసుకున్నా అక్కడి నుంచి స్పేసింగ్‌కి 0.7 రెట్ల దూరంలోపు, అంటే 21 అడుగుల్లోపు, ఒక డిటెక్టర్ ఉంటే చాలు అంటుంది. ఈ 0.7 ఎక్కడిదంటే, 30 అడుగుల చదరం గీసి మధ్యలో డిటెక్టర్ పెట్టండి, మధ్య నుంచి మూలకి కొలవండి, 21 అడుగుల పైచిలుకు వస్తుంది. అంటే మూల దాకా ఆ డిటెక్టర్ ఎలాగూ కాపలా కాస్తోంది. కాబట్టి నిజంగా గీయాల్సింది చదరం కాదు, 21 అడుగుల తాడు పట్టుకుని చుట్టూ తిరిగితే వచ్చే గుండ్రం. ఆ గుండ్రాలు కలిపి గది మొత్తాన్ని కప్పితే, డిటెక్టర్ రెండడుగులు అటు జరిగినా ఏం కాదు.

పది అడుగుల వెడల్పు కారిడార్‌లో ఈ లెక్క వేసి చూడండి, డిటెక్టర్‌కీ డిటెక్టర్‌కీ మధ్య 41 అడుగుల దాకా వెళ్లొచ్చు. 30కి ఒకటి చొప్పున పెట్టుకుంటూ పోయేవాడు ఊరికే ఎక్కువ పెడుతున్నాడు. అయితే ఇదంతా నున్నటి సీలింగ్‌కే, లోతైన బీములు ఉంటే పొగ బీముకీ బీముకీ మధ్య గూట్లో ఇరుక్కుంటుంది, అప్పుడు లెక్క వేరు, దానికి విడిగా వీడియో చేయాలి.

ఇప్పుడు అసలు గొడవ, పార్టిషన్లు. డ్రాయింగ్‌లో పెద్ద హాలు. నాలుగు నెలల తర్వాత ఓనర్‌కి మనసు మారి, పైదాకా గోడలు లేపి నాలుగు గదులు చేశాడు. డిటెక్టర్లు పాత చోటే ఉన్నాయి. కొన్ని గదుల్లో రెండు, ఒక గదిలో సున్నా. ఇది ఎవరికైనా కనిపిస్తుంది, కాబట్టి ఇన్‌స్పెక్షన్‌కి ముందే సర్దేస్తారు. కనిపించనిది హూటర్, అంటే అలారం శబ్దం చేసే డబ్బా. ఎందుకంటే శబ్దం ఎక్కడి దాకా వెళ్తుందో కళ్లతో చూస్తే తెలియదు.

కోడ్ ఏమంటుందంటే, మామూలుగా ఆ చోట ఉండే సగటు శబ్దం కంటే అలారం 15 డెసిబెల్స్ ఎక్కువ వినిపించాలి, లేదా కనీసం 60 సెకన్లు ఉండే గరిష్ఠ శబ్దం కంటే 5 ఎక్కువ, ఈ రెంటిలో ఏది పెద్దదైతే అది. మనుషులు పడుకునే గదిలో అయితే ఎటు చూసినా 75కి తగ్గకూడదు, అది కూడా దిండు దగ్గర కొలవాలి, తలుపు మూసి. ఈ "తలుపు మూసి" అన్న మాటని ఎంతమంది వదిలేస్తారో! కారిడార్‌లో నిలబడి మీటర్ చూపించి, "సార్ చూడండి ఎంత వస్తోందో" అంటారు. కారిడార్‌లో ఎవరూ నిద్రపోరు కదా.

లెక్క చూడండి. హూటర్ మీద పది అడుగుల దగ్గర 90 డెసిబెల్స్ అని రాసి ఉంది. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ 6 పోతుంది, ఇరవై అడుగులకి 84, నలభైకి 78. మనకి కావాల్సింది 75. మిగిలింది మూడే మూడు, మూసిన తలుపు అంతకన్నా చాలా ఎక్కువే తినేస్తుంది. అంటే కారిడార్ హూటర్‌తో పడకగదికి సరిపెట్టడం కుదరదు, గదిలోనే ఒకటి పెట్టాలి. పైగా అక్కడ మామూలు కీచు గొంతు హూటర్ కాదు, 520 హెర్ట్జ్ దగ్గర మోగే లావు గొంతుది అడుగుతారు. మామూలు హూటర్లు 3000 హెర్ట్జ్ దగ్గర కీచుమంటాయి, వయసు పైబడినవాళ్లకి ముందుగా వినబడటం మానేసేది ఆ కీచు శబ్దమే. తాతగారికి వినిపించని అలారం ఆయన గదిలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

వినలేనివాళ్ల కోసం, చెవులు మూసుకుని పనిచేసే చోట్ల కోసం స్ట్రోబ్ లైటు, అంటే టక్కుటక్కుమని వెలిగి ఆరే లైటు. గోడకి పెడితే దాని లెన్స్ మొత్తం నేల నుంచి 80కీ 96కీ అంగుళాల మధ్యలో ఉండాలి. ఒకే చూపులో రెండుకి మించి కనిపిస్తే అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరాలి. ఒక్కోటి సెకనుకి ఒకటి రెండుసార్లే కొడుతుంది కానీ, తలో తాళం వేస్తే అన్నీ కలిసి చాలా వేగంగా కొట్టినట్టు అవుతుంది, మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ఇక వెలుతురు సంగతి: ఒక్కో పక్క 20 అడుగులున్న చదరపు గదికి 15 క్యాండెలా (వెలుతురు కొలత) సరిపోతే, పక్క 40 అడుగులైతే 60 కావాలి. పక్క రెట్టింపు అయితే వెలుతురు నాలుగింతలు.

ఇక్కడే మనవాడు ఇంకో తప్పు చేశాడు, పాపం తప్పని తెలియక. ఒక హాలుకి వెలుతురు చాలదని రాశారు. స్ట్రోబ్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని 15 నుంచి 75కి జరిపాడు, అలాగే మిగతావీ జరిపాడు, లైట్లు బ్రహ్మాండంగా వెలిగాయి, ఫోటో పంపాడు. నేను అడిగింది ఒక్కటే, "కరెంటు ఎంత పెరిగిందిరా?" అవతల నిశ్శబ్దం.

వెలుతురు పెరిగితే ఊరికే పెరగదు కదా, ఆ లైను లాగే కరెంటు పెరుగుతుంది, వైరులో వోల్టేజి పడిపోతుంది. ఈ లైట్లు మామూలుగా 16 నుంచి 33 వోల్టుల దాకా పనిచేస్తాయి, వీటన్నిటినీ నడిపే ఫైర్ అలారం ప్యానెల్ 24 అంటుంది. కానీ లెక్క 24 నుంచి మొదలుపెట్టకూడదు. కరెంటు పోయి, బ్యాటరీ ఆఖరి దశలో ఉన్నప్పుడు 20.4 వోల్టులు ఉంటుందని అనుకుని వేయాలి, ఎందుకంటే అలాంటి రోజునే ఇది పనిచేయాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి కిలోమీటరుకి సుమారు 12 ఓమ్‌లు. లైను చివర 150 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 300 మీటర్లు, 3.6 ఓమ్‌లు. ఒక ఆంపియర్ లాగితే 3.6 వోల్టులు పోతాయి, చివరి లైటుకి 16.8 దక్కుతుంది, గట్టెక్కినట్టే. అదే ఒకటిన్నర ఆంపియర్ అయితే 5.4 పోయి 15 మిగులుతుంది. మెయిన్స్ ఉన్నప్పుడు టెస్ట్ చేస్తే అన్నీ వెలుగుతాయి, ఆ రోజు అందరూ చప్పట్లు కొడతారు. బ్యాటరీ మీద, 16 కంటే తక్కువ కాబట్టి, చివరి లైటు వెలగకపోవచ్చు. లోడ్ మొత్తం చివరనే ఉన్నట్టు వేసిన మోటు లెక్క ఇది, అసలు పడేది కొంచెం తక్కువే ఉంటుంది, కానీ నాకు ఈ మోటు లెక్కే ఇష్టం, అది మనల్ని జాగ్రత్త వైపుకే తోస్తుంది.

బ్యాటరీ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. 24 గంటలు మౌనంగా కాపలా కాసి, ఆ తర్వాత 5 నిమిషాలు అలారం మోగించాలి, మాటలతో ప్రకటన చేసే సిస్టం అయితే 15 నిమిషాలు. అందరూ అలారం కరెంటు చూసి భయపడతారు కానీ, 3 ఆంపియర్లు 5 నిమిషాలంటే పావు ఆంపియర్ అవరే. మౌనంగా లాగే 0.3 ఆంపియరే 24 గంటల్లో 7.2 అవుతుంది. రెండూ కలిపి, పైన 20 శాతం వేస్తే దాదాపు 9. అలారం మోగేటప్పటి కంటే ఊరికే కూర్చున్నప్పుడే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది.

పార్టిషన్ వచ్చాక కొత్త గదికి హూటర్ కావాలన్నాం కదా, దాన్ని ఎలా కలుపుతారో చూడాలి. దగ్గరున్న జంక్షన్ బాక్స్ తెరిచి ట్యాపింగ్, అంటే పక్కకి ఒక కొమ్మ వైరు, తీసేస్తారు. ఇంట్లో లైటుకైతే సరే. మామూలు హూటర్ లైనులో అది కుదరదు. ప్యానెల్ ఆ లైనులో కాస్త కరెంటు పంపుతూ ఉంటుంది, అది అన్ని డివైజుల గుండా వెళ్లి, చివర ఉన్న ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ దాటి వెనక్కి వస్తుంది. ఎక్కడ వైరు తెగినా అది ఆగిపోతుంది, ప్యానెల్ మీద ట్రబుల్ వస్తుంది. ట్యాపింగ్ తీసిన కొమ్మ ఈ దారిలో లేదు. ఆ కొమ్మ తెగినా, ఎలక కొరికినా ప్యానెల్‌కి తెలియదు, పచ్చ లైటు హాయిగా వెలుగుతూనే ఉంటుంది. ప్రతి డివైజుకీ సొంత నంబరు ఉండే అడ్రసబుల్ లూపులో అయితే ప్యానెల్ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంది కాబట్టి, వైర్లు ప్యానెల్ నుంచి ఒకవైపే వెళ్లే క్లాస్ బీ వైరింగ్‌లో కొమ్మ తీయొచ్చు, ఈ రెంటికీ తేడా తెలియకే సగం గొడవ. ఇంతకన్నా ఘోరం, ఆ రెసిస్టర్‌ని లైను చివర కాకుండా ప్యానెల్ టెర్మినల్‌కే బిగించేయడం. ట్రబుల్ పోయింది కదా అని సంతోషం. లైను మొత్తం తెగి పడినా ప్యానెల్ కిక్కురుమనదు. తెలియక చేశారంటే ఓసారి ఊరుకుంటాను కానీ, తెలిసి చేసేవాళ్లని చూశాను, అదైతే మోసమే.

కాల్ పాయింట్ల గురించి, అంటే మంట చూసినవాళ్లు చేత్తో అలారం మోగించే డబ్బాల గురించి, పెద్దగా లేదు. బయటికి పోయే తలుపుకి 5 అడుగుల్లోపు, చెయ్యి ఆడించే భాగం నేల నుంచి 42 నుంచి 48 అంగుళాల ఎత్తులో, అంతస్తులో ఎక్కడి నుంచి నడిచినా 200 అడుగుల్లో ఒకటి. రెండే జాగ్రత్తలు: ఎత్తు టైల్స్ వేశాక ఉండే నేల నుంచి కొలవాలి, సిమెంట్ నేల నుంచి కాదు. తలుపు ఒకసారి పూర్తిగా తీసి చూడండి, దాని వెనక దాక్కుందేమో.

ఆఖరికి దుమ్ము. డిటెక్టర్లకి దుమ్ము పోకుండా ప్లాస్టిక్ టోపీలు వస్తాయి కదా, అయినా మిగతా పనులన్నీ అయి, బిల్డింగ్ శుభ్రం అయ్యాకే డిటెక్టర్ తలకాయలు పెట్టమంటుంది కోడ్. నేను ఒకసారి హ్యాండోవర్ తొందరలో ముందే పెట్టి, డెమో కోసం టోపీలు తీశాను. మర్నాడు పైన జిప్సం పట్టీలు గీకారు. తెల్ల పొడి ఒక్కో డిటెక్టర్ లోపలికీ వెళ్లింది, పొగ కణమా దుమ్ము కణమా దానికి తెలియదు, రెండు వారాలు రాత్రీ పగలూ ఉత్తుత్తి అలారాలే. కొన్ని శుభ్రం చేశాం, కొన్ని నా డబ్బుతోనే మార్చాను.

టెస్ట్ చేసేటప్పుడు అయస్కాంతం తగిలించి మోగించేస్తారు కొందరు. మోగుతుంది, లోపలి సర్క్యూట్ బాగుందని తెలుస్తుంది. పొగ లోపలికి వెళ్లే దారి తెరిచి ఉందో లేదో మాత్రం తెలియదు, అందుకే టెస్ట్ స్మోక్ స్ప్రే చేయాలి. ఇంకో పని కూడా చేస్తాను నేను, మా వాళ్లు నవ్వుతారు. తీసిన టోపీలన్నీ ఒక బకెట్‌లో వేయించి లెక్క పెడతాను. ఆ బిల్డింగ్‌లో 86 డిటెక్టర్లు, బకెట్‌లో 84 టోపీలు. ఇద్దరం నిచ్చెన పట్టుకుని మళ్లీ మొదటి అంతస్తు నుంచి మొదలుపెట్టాం.