కాల్షియం రియాక్టర్ మొరాయిస్తే ముందు ట్యూబ్‌లోంచి పడే చుక్కలు చూడండి

నమస్తే అండి. ఈ చప్పుడు వినిపిస్తోందా? గరగరమంటోంది కదా, అది నా కోరల్స్ (పగడాల) అక్వేరియంకి పెట్టిన కాల్షియం రియాక్టర్ పంపు. సీఓటూ గ్యాస్‌తో నీళ్ళని ఆమ్లంగా మార్చి, లోపల పోసిన కాల్షియం కార్బొనేట్ ముక్కల్ని, అంటే మీడియాని, కరిగించి కోరల్స్‌కి అందించేది ఈ రియాక్టరే. దాని సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే పెద్ద సమస్య ట్యాంకులో ఉంది.

కోరల్స్ అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బొనేట్లు నీళ్ళలో ఎంత ఉన్నాయో చెప్పేది ఆల్కలినిటీ, దాని కొలత డీకేహెచ్. పోయిన ఆదివారం అది 8.5 డీకేహెచ్ ఉంది. ఇవాళ 6.8. ఇదిగో, ఈ ఆక్రోపోరా కోరల్ కొమ్మల చివర్లు చూడండి, తెల్లగా పాలిపోయాయి. చాలా ప్రేమగా పెంచుకున్న కోరల్ ఇలా కనబడగానే చెయ్యి నేరుగా సీఓటూ నాబ్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ముందు వేరే కిట్‌తో ఇంకోసారి టెస్ట్ చెయ్యండి. నేను చేశాను, అదే 6.8 వచ్చింది. అంటే పడిపోయిన మాట నిజమే.

ఇప్పుడు ఈ సన్న ట్యూబ్ చూడండి. రియాక్టర్‌లో మీడియాని కరిగించుకున్న నీళ్ళు దీంట్లోంచే ట్యాంకులో పడతాయి. నేను సెట్ చేసింది నిమిషానికి 30 మిల్లీలీటర్లు. కొలత గ్లాసు కింద పెట్టి, ఫోన్లో టైమర్ ఆన్ చేస్తున్నాను... నిమిషం అయింది. ఎంత? 11. దొంగ ఇక్కడ దొరికాడు.

ఈ లెక్క ఒక్కసారి చూడండి, తర్వాత ఎప్పుడూ తికమక ఉండదు. నిమిషానికి 30 అంటే రోజుకి 43 లీటర్లు. ట్యూబ్‌లోంచి వచ్చే నీళ్ళు 25 డీకేహెచ్, ట్యాంకు సుమారు 8. తేడా 17. 43ని 17తో గుణించి, నా ట్యాంకు నీళ్ళు 450 లీటర్లతో భాగిస్తే రోజుకి 1.6 వస్తుంది. నా కోరల్స్ రోజుకి తినేది కూడా దాదాపు అంతే. 11 మిల్లీలీటర్లతో లెక్కేస్తే వచ్చేది 0.6. అంటే పిల్లలకి మూడు పూటలా పెట్టాల్సింది ఒక పూటే పెడుతున్నాం. ధారని అదుపుచేసే వాల్వ్ కొంచెం కొంచెంగా పూడుకుంది కాబట్టి సరిపోయింది, ఒక్కసారే పూడుకునుంటే వారంలో ఇంకా పడిపోయేది.

మరి సీఓటూ పెంచితే? లాభం లేదు. లోపల నీళ్ళు త్వరగా మారక పీహెచ్ పడిపోతుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. 6.6 దాటి కిందకి రాగానే పీహెచ్ చూసే కంట్రోలర్ సొలినాయిడ్‌ని, అంటే గ్యాస్ వచ్చే కరెంటు వాల్వ్‌ని, మూసేస్తుంది. కంట్రోలర్ లేనివాళ్ళకైతే ఇంకా ప్రమాదం, మీడియా కరిగి కరిగి పేస్టులా అయిపోతుంది.

వాల్వ్ విప్పుతున్నాను. చూశారా ఈ తెల్ల పొర? కాల్షియం కార్బొనేటే. వెనిగర్‌లో అరగంట నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి బిగించేస్తే చాలు. నన్నడిగితే ఈ చిన్న వాల్వ్ బదులు పెరిస్టాల్టిక్ పంపు, అంటే ట్యూబ్‌ని రోలర్లతో నొక్కుతూ నీళ్ళు తోసేది, పెట్టుకోవడం మేలు. ఇంత తొందరగా పూడుకోదు.

ధార బాగానే ఉండి కూడా ఆల్కలినిటీ తేడాగా ఉంటే పీహెచ్ కొలిచే ప్రోబ్‌ని అనుమానించండి. కచ్చితంగా పీహెచ్ 7 ఉండే ద్రావణంలో ముంచితే 7.4 చూపించిందనుకోండి. అప్పుడు కంట్రోలర్ 6.7 అంటున్నా లోపల అసలు ఉన్నది 6.3 దగ్గర. అది ఇంకా సీఓటూ తోస్తూనే ఉంటుంది. నెలకోసారి 7, 4 ద్రావణాలతో కాలిబ్రేట్ చెయ్యండి. కాలిబ్రేట్ అయినా మళ్ళీ మళ్ళీ జారిపోతుంటే ఆ ప్రోబ్ ఆయుష్షు తీరినట్టే.

ఇక సీఓటూ సిలిండర్. లోపల ద్రవం ఉన్నంతకాలం ఒత్తిడి చూపించే మీటర్ ముల్లు దాదాపు 800 పీఎస్ఐ దగ్గరే నిలబడుతుంది. అది చూసి నిండుగా ఉందనుకోకండి. ముల్లు కదలడం మొదలైందంటే ద్రవం అయిపోయినట్టే. ఆ దశలో కొన్ని సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్లు (గ్యాస్ ఒత్తిడిని ఒకే దశలో తగ్గించేవి) ఒక్కసారిగా గ్యాస్ ఎక్కువ వదిలేస్తాయి. మేము డాలస్‌లో ఉంటాం, ఎండాకాలంలో గ్యారేజీ మండిపోతుంది. 31 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపల ద్రవమే ఉండదు, ముల్లు 1000 పైకి పోతుంది, ఇక దాన్ని చూసి ఏమీ చెప్పలేం. అందుకే కాటా మీద తూచండి. ఖాళీ బరువు సిలిండర్ మెడ దగ్గర టీడబ్ల్యూ అని కొట్టి ఉంటుంది. సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచండి. మూసిన అలమరలో మాత్రం పెట్టద్దు. సీఓటూ లీకైతే వాసన రాదు, కిందనే పేరుకుంటుంది. మార్చిన ప్రతిసారీ వాషర్ కొత్తది వేసి, సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళకి ఒక మాట. అక్కడ రాతి కోరల్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. దయచేసి సముద్రంలోంచి తీసినవి కొనకండి, పెంచకండి.

ఇప్పుడు ఆ గరగర. పంపులో గ్యాస్ చిక్కింది. పైన ఉన్న ఈ స్క్రూ కాస్త వదులు చేస్తున్నాను... బుస్సుమంది విన్నారా? చప్పుడు ఆగింది. రేపటికి మళ్ళీ వస్తే మామూలుగా రెండు కారణాలు: సీఓటూ ఎక్కువైనా అయ్యుండాలి, పంపు నీళ్ళు పీల్చే వైపు జాయింట్‌లోంచి గాలి లాగుతున్నా ఉండాలి.

ధార మళ్ళీ 30కి వచ్చింది. లోటు ఇవాళే పూడ్చెయ్యాలని ఆరాటపడకండి, రోజుకి 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెరిగితే కోరల్ తట్టుకోలేదు. సెట్టింగ్ ఏదైనా ఒక్కటే మార్చి 24 గంటలు ఆగాలి. రేపు ఇదే టైముకి మళ్ళీ టెస్ట్ చేసి, వచ్చిన నంబరు కింద రాస్తాను.