శవం తెచ్చుకోవడానికి తోడొచ్చినవాళ్లు

అందరికీ నమస్కారం.

1996 డిసెంబరు. అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న రోజులు. బయట మోకాలి లోతు మంచు. మా గదికన్నా యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్ వెచ్చగా ఉండేది కాబట్టి రాత్రిళ్లు అక్కడే గడిపేవాళ్లం. ఒకరోజు రాత్రి రెండు దాటాక నా పక్కన కూర్చున్న కుర్రాడు "వెనక్కి వచ్చేయండి, వచ్చేయండి" అని గొణుక్కుంటూ కీబోర్డు మీద టకటకా కొడుతున్నాడు. తొంగి చూస్తే తెర మీద ఒక్క బొమ్మ లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఆగకుండా పైకి జరిగిపోతున్న వాక్యాలు. ఏమిటిదని అడిగాను. కాగితం ముక్క చింపి ఒక కంప్యూటర్ పేరు, పక్కన 4000 అనే అంకె వేసి చేతిలో పెట్టాడు. "టెల్‌నెట్‌లో ఇది కొట్టు, నేను లోపల ఉంటాను" అన్నాడు. టెల్‌నెట్ అంటే మనల్ని దూరంగా ఉన్న కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రామ్.

అది చాలామంది ఒకేసారి ఒట్టి అక్షరాలతో ఆడుకునే కంప్యూటర్ ఆట. ఈ ఆటల్లోకి వచ్చిన వాళ్లలో నాకు తెలిసిన చాలామంది ఇలాగే వచ్చారు. పక్కవాడి తెర చూసి, ఎవరో రాసిచ్చిన చీటీ పట్టుకుని. అంటే మనం లోపలికి అడుగుపెట్టేసరికే మనకోసం ఒక మనిషి అక్కడ ఉంటాడు.

వీటిని మడ్‌లు అంటారు, మల్టీ యూజర్ డంజన్లు. మొదటిదాన్ని 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అతని స్నేహితుడు రిచర్డ్ బార్టిల్ తర్వాత దాన్ని అందుకుని పెంచాడు. యూనివర్సిటీలో పగలంతా ఆ కంప్యూటర్‌కి వేరే పనులుండేవి. అందుకని బయటినుంచి ఫోన్ లైను మీద వచ్చేవాళ్లను నడిరాత్రి దాటాకే రానిచ్చేవారు. ఊరంతా పడుకున్నాక మేలుకున్నవాళ్లకు మేలుకున్నవాళ్లే తోడు. ఆ అలవాటు ఈ ఆటలకు పుట్టుకతో వచ్చిందని నాకనిపిస్తుంది.

నేను చేరినది డీకూ జాతి ఆట. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో అయిదుగురు విద్యార్థులు 1990, 91 ప్రాంతంలో రాసిన ప్రోగ్రామ్ అది. డీకూ అంటే వాళ్ల కంప్యూటర్ సైన్స్ విభాగం పేరుకు పొడి అక్షరాలు. ప్రోగ్రామ్‌ని ఎవరైనా తీసుకుని నడుపుకోవచ్చు, కానీ దానిమీద డబ్బు చేసుకోకూడదు, మొదటి తెర మీద తమ పేర్లు ఉంచాలి. అదీ వాళ్లు పెట్టిన షరతు. ఒక కంప్యూటరూ కాస్త ఓపికా ఉన్న ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక లోకం తెరిచేశాడు. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు విద్యార్థులకు దొరికింది బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే ఉన్న ఖాతా. వెబ్ పేజీల బొమ్మలు చూడాలంటే అది లోటే. మడ్‌కి మాత్రం అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఇక ఆ మొదటి రాత్రి సంగతి. నేను మిడ్‌గార్డ్ అనే ఊళ్లో గుడిలో కళ్లు తెరిచాను. నాలుగు వాక్యాల్లో గుడి వర్ణన, కింద బయటికి దారులు. 'నార్త్' అని కొడితే ఉత్తరానికి, 'సే' అని కొట్టి ఏదైనా రాస్తే అక్కడున్నవాళ్లందరికీ వినిపిస్తుంది. కాసేపటికి 'మీకు ఆకలేస్తోంది' అని వచ్చింది. రొట్టెల కొట్టు ఎక్కడుందో తెలీదు. వెతుక్కుంటూ ఊరు దాటి అడవిలో పడ్డాను. ఏదో జంతువు మీదపడి నాలుగు దెబ్బల్లో చంపేసింది.

ఆ ఆటలో చస్తే కత్తి, డాలు, డబ్బు అన్నీ శవంతోపాటు అక్కడే ఉండిపోతాయి. మీరు మాత్రం ఒట్టి చేతులతో ఊళ్లో లేస్తారు. శవం ఎంతోసేపు ఉండదు. కాసేపటికి పురుగులు తినేశాయని ఒక వాక్యం వస్తుంది, అంతటితో సరి. వెళ్లి తెచ్చుకుందామంటే చంపిన జంతువు అక్కడే కూర్చుని ఉంటుంది. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది, చేతులు చెమటలు పట్టాయి. అందరికీ వినిపించేలా అడిగాను: "ఎవరైనా సాయం వస్తారా?" చీటీ ఇచ్చిన కుర్రాడు ఎక్కడో దూరంగా యుద్ధంలో ఉన్నాడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు గుడికి వచ్చారు. "మా వెనక 'ఫాలో' కొట్టు" అన్నారు. వెళ్లాం. ఒకరు జంతువును తనవైపు తిప్పుకున్నారు, నేను 'గెట్ ఆల్ కార్ప్స్' కొట్టాను. తిరిగొచ్చాక వాళ్లలో ఒకరు నాకు రెండు రొట్టెలు ఇచ్చి, కొట్టు దాకా తీసుకెళ్లి చూపించారు. దారిలో అడిగింది ఒక్కటే, "మీ దగ్గర ఇప్పుడు పగలా రాత్రా?"

బార్టిల్ 1996లో రాసిన ఒక వ్యాసంలో ఆటగాళ్లను పేకముక్కల రంగులతో నాలుగు రకాలు చేశాడు. సంపద, స్థాయి పోగేసేవాళ్లు డైమను. మూలమూలలు తవ్వి చూసేవాళ్లు ఇస్పేటు. మనుషుల కోసం వచ్చేవాళ్లు ఆటీను. ఇతరుల్ని కొట్టి సంతోషించేవాళ్లు కళావరు. ఇది గొప్ప పరిశీలన. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది మాత్రం, మనిషి ఒక రంగులోనే ఉండిపోడన్న సంగతి. నేను డైమనుగా చేరాను. ఆర్నెల్లకి ఏ రాక్షసుణ్నీ చంపకుండా సంత కూడలిలో నీళ్ల ఫౌంటెన్ దగ్గర గంటలు గంటలు కబుర్లలో కూర్చున్నాను. కొత్తవాళ్ల శవాల కోసం అడవికి వెళ్లే పని నాకు ఇష్టమైపోయింది.

ఓసారి అలా వెళ్లినప్పుడే, దెబ్బ తిన్న ఒక యోధుడు ఇంగ్లిష్ అక్షరాల్లో "అయ్యబాబోయ్" అని కొట్టాడు. నేను పోరాటం మధ్యలోనే "ఏ ఊరండీ మీది?" అని రాశాను. తణుకు. మాది నిడదవోలు. ఇద్దరం ఆ జంతువు చేతిలో చచ్చాం, గుడిలో లేచి తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. ఆయన ఇవాళ్టికీ మా ఇంట్లో పెళ్లికి రాకుండా ఉండరు.

ఇంకొకాయన గురించి చెప్పి తీరాలి. మా గుంపుకు దారి చూపేది ఎప్పుడూ ఆయనే. చిక్కుదారుల గుహల్లో మేమందరం తడబడుతుంటే ఆయన తడుముకోకుండా నడిపించేవారు. ఏడాదిన్నర తర్వాత, నేను గీసిన మ్యాప్‌ను ఈమెయిల్‌లో పంపిస్తానన్నాను. "నాకు పుట్టుకతోనే చూపు లేదు. మ్యాప్ నా తలలోనే ఉంది" అన్నారు. ఆయన కంప్యూటర్ ప్రతి వాక్యాన్నీ చదివి వినిపిస్తుందట. ఆ ఆటలో ఆయనకు నాకన్నా తక్కువైంది ఏదీ లేదు. ఇప్పటికీ చూపు లేనివాళ్లు పెద్ద సంఖ్యలో ఆడే మడ్‌లు ఉన్నాయి. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్లు తయారుచేసిన ఎన్‌వీడీఏ అనే తెర చదివే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతోంది, అది తెలుగు కూడా చదువుతుంది.

మాటలు దగ్గర చేసినంత గట్టిగానే గాయపరుస్తాయి కూడా. జెరాక్స్ పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ నడిపిన లాంబ్డామూ అనే మడ్‌లో 1993లో ఒకడు, ఇతరుల పాత్రలు నీచమైన పనులు చేస్తున్నట్టు అందరికీ కనిపించేలా రాశాడు. తాకింది ఎవరూ లేరు. అయినా ఆ పాత్రల వెనకున్నవాళ్లలో ఒకరు ఏడ్చారు. లోపలివాళ్లంతా సమావేశమై వాదించుకున్నారు, ఆ తర్వాత ఓటింగ్ పద్ధతే వచ్చింది. "ఒట్టి ఆటేగా" అనేవాళ్లతో నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

1996లో మొదలైన ఆర్డ్‌వుల్ఫ్, 1997లో మొదలైన అకేయా ఇప్పటికీ నడుస్తున్నాయి. మడ్‌లెట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే చాలు. కరపత్రం వెనక ఖాళీ చోటు ఉంది, సభ అయ్యాక నా దగ్గరికి వస్తే అందులో చిరునామా రాసిస్తాను. ఆదివారం రాత్రి పదింటికి నేను లోపల ఉంటాను. గుడిలో లేవగానే వెంటనే అడవివైపు పోకండి. ముందు రొట్టెల కొట్టు ఎక్కడో అడగండి.