మందు సీసా మూత తీసే ముందు

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకి, మా ఫిషరీస్ మాస్టార్లకి, భీమవరం నుంచి, అమలాపురం నుంచి, యానాం నుంచి పొద్దున్నే బస్సెక్కి కాకినాడ వచ్చిన కుర్రాళ్లకి, ఈ హాలు ఇచ్చిన వారికి, వెనక కాఫీలు అందిస్తున్న పిల్లలకి పేరుపేరునా నమస్కారాలండి. ఎవరినైనా మర్చిపోతే మన్నించాలి.

నాకు అప్పజెప్పిన విషయం రీఫ్ ట్యాంకుల్లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియాల్లో లైటింగ్. సమయం మిగిలితే లైట్ల గురించి చెబుతాను. ముందు మాత్రం పీతలు, పురుగులు, నత్తలు, రొయ్యలు. పగడాల్ని కొరికేవి, రాళ్లు కదిపేవి, రాత్రిపూట బయటికొచ్చి పొద్దునకల్లా దాక్కునేవి. ఈ మధ్య మన జిల్లాల్లో లైటు చాలక పోయిన ట్యాంకు నేనొక్కటీ చూడలేదు. మందు పోసి పోగొట్టుకున్నవి మాత్రం చూస్తూనే ఉన్నాను. ఈ మాట చెప్పడానికే వచ్చానండి.

పాలకొల్లు వైపు ఒక కుర్రాడున్నాడు. ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పను. నాలుగడుగుల ట్యాంకు. అందులో జొయాంథిడ్లు, మష్రూములు, ఒక లెదర్ కోరల్. అన్నీ మెత్తని పగడాలే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సీ ఫ్యాన్లు, సముద్ర దోసకాయలు కూడా అంతే. సముద్రంలోంచి తీసుకొచ్చిన పగడపు రాయిని ఎవరైనా తక్కువ ధరకి ఇస్తామంటే తీసుకోకండి. ట్యాంకుకి సిమెంటుతో చేసిన రాయి ఉంది, సిరామిక్ రాయి ఉంది, కొన్ని నెలలాగితే వాటిమీదా జీవం పడుతుంది. ఈ కుర్రాడు అలాగే పద్ధతిగా కట్టుకున్నాడు.

ఒక వారం జొయాంథిడ్లు ముడుచుకోవడం మొదలైంది. రాత్రి టార్చి వేసి చూస్తే వాటి మీద బ్రిసిల్ వార్మ్స్. ఒళ్లంతా సన్నటి ముళ్లు, రాతి సందుల్లోంచి సగం బయటికి సాగి ఉన్నాయి. చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఫోటో తీసుకుని ఒక దుకాణానికి వెళ్లాడు. అక్కడివాళ్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ట్యాంకులో ఏమేం ఉన్నాయని అడగలేదు. చెరువుల్లో నాచుకి వాడే కాపర్, అంటే రాగి మందు ఇచ్చి, రెండు మూతలు పొయ్యి, పురుగు అనేది మిగలదు అన్నారు.

నిజమే. మిగల్లేదు.

రాళ్లలోంచి పురుగులన్నీ బయటికొచ్చి చచ్చిపోయాయి. నత్తలు అద్దం మీంచి రాలిపోయాయి. క్లీనర్ రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. చచ్చినవన్నీ ఒకేసారి కుళ్లితే ఏమవుతుందో రొయ్యల చెరువు ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అమ్మోనియా. మధ్యాహ్నానికి చేపలు కూడా పోయాయి. సాయంత్రం నన్ను పిలిస్తే వెళ్లాను. జొయాంథిడ్ల కింద అట్టని ఎత్తి చూస్తే గోధుమరంగు గళ్ల గవ్వలు రెండు, వేలి గోరంత. సండయల్ నత్తలు. వాటి తిండే జొయాంథిడ్లు. పగలు కింద దాక్కుని రాత్రి తింటాయి. పట్టకారుతో తీసేస్తే అయిపోయేది. రెండు నత్తలండి!

మరి ఆ పురుగులు? అవి చచ్చిపోతున్న భాగాన్ని తినడానికి వచ్చాయి. మిగిలిపోయిన మేత, కుళ్లిన ముక్కలు తినేసి ట్యాంకుని శుభ్రం చేసేవి అవే. శవం దగ్గర కనబడ్డవాళ్లందరినీ హంతకులంటామా?

ఇంకో సంగతి. ఆ రాళ్లు ఇప్పుడు పనికిరావు. సున్నం ఉన్న రాయి, ఇసుక కాపర్‌ని పట్టి ఉంచుకుని తర్వాత మెల్లిగా వదులుతాయి. చేపకి తెల్లమచ్చల జబ్బొస్తే కాపర్ వాడతారు, నిజమే. అది వేరే తొట్టిలో, రాళ్లు లేకుండా, ఆ చేపకి మాత్రమే. వెన్నెముక లేని జీవికి కాపర్ విషం. ఈ మాట మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. వెన్నెముక లేని జీవికి కాపర్ విషం.

మీలో రొయ్యల చెరువులున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగం హాలు. నేనూ ఉప్పాడ వైపు హేచరీల్లో పనిచేసినవాణ్ణే. 1994-95లో వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ వచ్చి టైగర్ రొయ్య ఎలా తుడిచిపెట్టుకుపోయిందో పెద్దవాళ్లకి గుర్తుంది. ఆ దెబ్బతోనే కదండి మనం నేర్చుకున్నాం? గట్టు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షులకి తాళ్లు, రిజర్వాయర్లో బ్లీచింగ్ కొట్టి నిలవబెట్టిన నీళ్లు, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష లేకుండా సీడ్, అంటే రొయ్యపిల్లల్ని దించకపోవడం. ఇంత జాగ్రత్తపడే రైతు అక్వేరియం షాపులో పగడం ముక్క కొని, ఇంటికెళ్లి కవరు విప్పి నేరుగా ట్యాంకులో పెడతాడు. ఎందుకలా చేస్తారండి? చెరువుకి ఒక న్యాయం, ట్యాంకుకి ఒక న్యాయమా?

కారణం నాకు తెలుసు. మనకి ఈ జీవులు కొత్త. గోదావరి తెచ్చే ఒండ్రు, వరదల్లో వచ్చే మంచినీళ్లు, వీటివల్ల మన ఒడ్డున పగడపు దిబ్బలు పెరగవు. పగడాలు మన్నార్ గల్ఫ్‌లో, అండమాన్లో, లక్షద్వీప్‌లో, కచ్ గల్ఫ్‌లో. మండపీత నడక చూసి ఆడదో మగదో చెప్పే మనిషి కూడా జొయాంథిడ్ కింద నత్తని గుర్తుపట్టలేడు. అందుకే అంటున్నాను, ముందు ఎవరో తేల్చండి. తర్వాత ఏం చేయాలో ఆలోచిద్దాం.

రాత్రి లైట్లు ఆరిన రెండు గంటలకి ఎర్ర కాంతి టార్చితో చూడండి. ఎర్ర వెలుతురు వీటిలో చాలావాటికి సరిగా ఆనదు, పారిపోవు. ఏ రాయి, ఏ కన్నం అన్నది కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

టక్ టక్ మని చప్పుడు వస్తే టెన్షన్ పడి మాంటిస్ రొయ్య అనేస్తారు. చాలాసార్లు అది పిస్టల్ రొయ్య, ఒక డెక్క పెద్దగా ఉంటుంది. పగడాన్ని తినదు, గోబీ చేపతో ఒకే బొరియలో కాపురముంటుంది. దాని ఇబ్బందల్లా తవ్వకం. రాయి కింద ఇసుక తోడేస్తుంది, పైన రాళ్లు కూలతాయి, అద్దం పగలొచ్చు. దానికి మందు అక్కర్లేదు. రాళ్లని ఇసుక మీద కాకుండా ముందు అడుగు అద్దం మీద ఆనించి, ఎపాక్సీతో అతికించి, ఆ తర్వాత ఇసుక పొయ్యండి. ఇక ఎంత తవ్వినా తవ్వుకోనివ్వండి. ముళ్ల బంతుల్లాంటి అర్చిన్లు, పెద్ద టర్బో నత్తలు పగడం ముక్కల్ని దొర్లించేస్తున్నాయని ఫిర్యాదు చేసేవాళ్లకీ ఇదే జవాబు. ముక్కని జెల్ గమ్ముతో గట్టిగా అంటించండి. నాచు తినే జీవిని తిట్టకండి.

మాంటిస్ రొయ్య వేరు. మన హార్బర్లో ట్రాలర్ వలలకి గుట్టలుగా పడేది బురదలో ఉండి పొడిచే రకం. రాళ్లలో చేరేది గుద్దే రకం. పీకాక్ మాంటిస్ దెబ్బ వేగం సెకనుకి 23 మీటర్ల దాకా కొలిచారు. నత్తల్ని, పీతల్ని పగలగొట్టి తింటుంది. దాన్ని తీయాల్సిందే. ఆ రాయిని బయటికి తీసి బకెట్ మీద పట్టుకుని, కన్నంలోకి సిరంజితో సోడా నీళ్లు కొట్టండి. అదే బయటికొస్తుంది. చేత్తో పట్టుకోవద్దు. చిన్న తొట్టి ఉంటే విడిగా పెంచండి, చాలా తెలివైన జీవి.

వెంట్రుకలు, నల్లటి డెక్కల కొసలు ఉన్న పీతకి గాజు గ్లాసు చాలు. రాతికి వాలుగా పెట్టి అడుగున రొయ్య ముక్క వెయ్యండి. దిగుతుంది, నున్నటి గాజు ఎక్కలేదు. అలాగని ప్రతి పీతా శత్రువు కాదు. పసిఫిక్ దిబ్బల్లో ట్రపీజియా అనే చిన్న పీత పగడం కొమ్మల్లో ఉంటూ, దాన్ని తినడానికొచ్చిన ముళ్ల నక్షత్ర చేపని గిల్లి తరిమేస్తుంది. అంత పెద్ద చేపని, ఇంత పీత! నాకు ఆ పీత అంటే గౌరవం.

రాళ్లలో దాక్కుని వేటాడే పెద్ద పురుగు, బాబిట్ వార్మ్ సంగతి కుర్రాళ్లు అడుగుతారని తెలుసు. 2009లో ఇంగ్లండులోని న్యూక్వేలో ఒక అక్వేరియంలో పగడాలు ముక్కలవుతున్నాయి, ఎవరో తెలియదు. ఎర పెట్టిన ఉచ్చుల్ని కూడా చింపేసింది. చివరికి ఒక్కొక్క రాయీ తీసి చూస్తే నాలుగడుగుల పురుగు. వాళ్లు కూడా మందు పోయలేదండి. రాళ్లు విప్పారు.

ట్యాంకులో కలుపులా పెరిగే ఎనిమోన్ ఒకటుంది, ఐప్టేసియా. దాన్ని గిల్లకండి, తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది. పెప్పర్‌మింట్ రొయ్య గానీ, దాన్ని తప్ప ఇంకేమీ తినని బర్గియా అనే గుల్ల లేని నత్త గానీ దొరికితే మంచిది. లేదంటే సున్నం ముద్దతో దాని నోరు కప్పెయ్యండి. కానీ జొయాంథిడ్లున్న రాయిని ఏ కారణంతోనూ వేడినీళ్లలో ఉడికించవద్దు. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఉదంతాలు విదేశాల్లో ఉన్నాయి. ముక్క కోసేటప్పుడు గ్లవుజులు, కళ్లద్దాలు ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఈ ఒక్కటీ రాసుకోండి.

కొత్త ముక్కని అయోడిన్ డిప్‌లో, అంటే అయోడిన్ కలిపిన నీళ్లలో ముంచితే పురుగులు రాలతాయి, గుడ్లు రాలవు. గుడ్లని గోరుతో కాకుండా బ్లేడుతో గీకాలి, ముక్క అతికి ఉన్న పాత దిమ్మ తీసి పారెయ్యాలి, కొన్ని వారాలు విడి తొట్టిలో ఉంచి వారానికోసారి మళ్లీ ముంచాలి. పట్టుకున్న వాటిని ఉప్పుటేరులో, కాలవలో వదలకండి. అవి అక్కడివి కావు. పెంచలేకపోతే నాకు ఫోన్ చెయ్యండి, నా దగ్గర ఖాళీ తొట్లు ఉన్నాయి.

లైట్లకి సమయం లేదని అధ్యక్షుల వారు సైగ చేస్తున్నారు. సరేనండి. ఆ పాలకొల్లు కుర్రాడు కొత్త రాళ్లతో మళ్లీ ట్యాంకు కట్టాడు, నీళ్లు పోసి సైకిల్ చేస్తున్నాడు, అంటే అమ్మోనియాని విరిచే మంచి బ్యాక్టీరియా పెరిగేదాకా ఆగుతున్నాడు. జొయాంథిడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు తలా ఒక ముక్క ఇవ్వండి. నేను ఆకుపచ్చవి ఇస్తున్నాను. ఇచ్చేముందు గవ్వల కోసం కింద వెతికి, డిప్ చేసి, గీకి ఇవ్వండి. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుంటాడు, వచ్చి మాట్లాడండి.