ఏం కావాల్నో ముందుగాల అడగండి

(మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరం ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ప్రోగ్రాం ఆఫీసర్ గారికి, ఊరి పెద్దమనుషులకు, ఎండల కూసున్న పిల్లలకు నమస్కారం. అందరి పేర్లు చదివితే మీ భోజనాల టైం అయిపోతది. నాకు శాలువా మాత్రం కప్పకండి. ఆ పైసలతోటి ఈ ఊరి బడికి ఏం కావాల్నో హెడ్మాస్టర్‌ని అడిగి అది కొనియ్యండి.

సేవ ఎట్ల మొదలుపెట్టాలె, దానం ఎట్ల చెయ్యాలె అని మాట్లాడమన్నరు. ఎన్‌ఎస్‌ఎస్, అంటే జాతీయ సేవా పథకం, 1969ల, గాంధీ శతజయంతి సంవత్సరం మొదలైంది. రెండేండ్లల్ల 240 గంటలు పనిచెయ్యాలె. ఇవన్నీ మీ సార్లు చెప్పే ఉంటరు. నేను రాజోలి ముచ్చట చెప్త.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి నాడే. తుంగభద్ర పొంగి రాజోలి, అలంపురం మునిగినయి. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా గానీ అప్పుడు మన పాలమూరే. రాజోలిల ఏం పని చేస్తరో ఎవరికన్న తెలుసా? చేతులెత్తండి. ఇద్దరే! గద్వాల చీరెలు నేస్తరు నాయనా. అవి గుంట మగ్గాలు, నేలల గుంత తీసి పెట్టినయి. ఇల్లు మునిగితే మగ్గం గుంతల బురద నిండుతది, పడుగు, అంటే నిలువు దారాలు, కుళ్లుతది, ఆ దారాలు దూర్చే పన్నె పనికిరాకుంట పోతది. నేసే చెయ్యి ఉంటది, పని ఉండది.

అటువంటి ఊరికి లారీలకు లారీలు పాత బట్టలు వచ్చినయి. లారీకి ముందల బ్యానర్, బ్యానర్ ముందల ఫోటోలు. మూటలు కిందికి తోసిండ్రు, పోయిండ్రు. గుండీలు లేని అంగీలు, చలికోట్లు, ఎవరిదో బడి యూనిఫాం. ఒక ముసలమ్మ చినిగిన చీరె ఒకటి పట్టుకొని నన్ను అడిగింది: “మేం చీరెలు నేసెటోళ్లం బిడ్డా. మాకు ఈ చీరె తెచ్చిండ్రా?”

తెచ్చింది నేను కాదు. అయినా ఏం జవాబు చెప్పాలె?

అప్పుడే పారలు, తట్టలు పట్టుకొని కొందరు పిలగాండ్లు వచ్చిండ్రు. “అవ్వా, ఏం చెయ్యమంటవ్?” అని అడిగిండ్రు. “గుంత తోడండి” అన్నది. సాయంత్రం దాకా తోడిండ్రు. వాళ్ల ఫోటో ఏ పేపర్లనూ రాలే. ఆ బట్టల కుప్ప ఎన్నాళ్లు కుళ్లిందో, వాసన ఎట్లుండెనో... సరే, ప్రోగ్రాం ఆఫీసర్ గారు గడియారం చూస్తున్నరు.

పోచంపల్లి కూడా ఇట్లనే. 1951 ఏప్రిల్ 18న గాంధీ శిష్యుడు వినోబా భావే అక్కడి దళితవాడకు పోయి, మీకేం కావాలె అని అడిగిండు. భూమి కావాలె, 80 ఎకరాలు అన్నరు. అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తనన్నడు. అట్ల మొదలైందే భూదాన్, భూమి దానం ఇచ్చే ఉద్యమం. తర్వాత ఆ భూముల చుట్టూ ఎన్ని పంచాయితీలు నడిచినయో, అది వేరే సభల చెప్త. వినోబా దుప్పట్లు పంచి పోయుంటే మాత్రం 80 ఎకరాల మాట బయటికి వచ్చేదే కాదు.

మన దవాఖానల్ల చూడండి. ఎవరి పుట్టినరోజైనా పండ్లు, బ్రెడ్డు. షుగర్ ఉన్నాయన చేతుల అరటిపండు పెట్టి ఫోటో! అక్కడ కావాల్సింది రక్తం. తలసేమియా అంటే ఒంట్ల రక్తం సరిగ్గ తయారుకాని జబ్బు, ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కియ్యాలె. 18 ఏండ్లు నిండి, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇయ్యొచ్చు. మొగపిల్లలు మూడు నెలలకోసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకోసారి. అందరూ ఒక్కనాడే ఇచ్చి మళ్ల ఏడాది దాకా కనపడకపోతే ఏం ఫాయిదా? రక్తం గడ్డకట్టేటట్టు చేసే ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. వంతులు పెట్టుకోండి.

పైసల దానం మేం ఎట్ల చెయ్యాలె అని ఎవరో చీటీ పంపిండ్రు. మీకు సంపాదన లేదు, నెలకు యాభై రూపాయలు చాలు, కానీ నెలనెలా ఇయ్యాలె. రసీదు అడగండి, పోయినేడాది లెక్కలు చూపించుమనండి. మొకం మాడ్చుకుంటే అక్కడ ఇయ్యకండి. వాట్సాప్‌ల పసిపిల్ల ఫోటో, క్యూఆర్ కోడ్ వస్తే, ముందు ఆ దవాఖానకు ఫోన్ చేసి అడగండి. అడగడానికి సిగ్గెందుకు?

రేపు పొద్దున మీ కార్యక్రమంల ‘వీధులు ఊడ్చుట’ అని రాసి ఉంది. సార్, కోపం చెయ్యకండి. ఊడ్చేముందు పదిమంది పిల్లలు ఇల్లిల్లు తిరగనియ్యండి. బొంబాయికి, పూనాకు వలస పోయినోళ్ల పిల్లలు అవ్వతాతల దగ్గర ఉంటరు. వాళ్లకు సాయంత్రం లెక్కలు చెప్పెటోళ్లు కావాల్నేమో. పింఛన్ కాగితం రాసిచ్చెటోళ్లు కావాల్నేమో. నాకు తెల్వదు, అడిగి రండి.

ఈ రిజిస్టర్ ఆ చివరి నుంచి పంపుతున్న. పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబర్ రాయండి. గ్రూపు తెల్వనోళ్లు ఆ గడి ఖాళీగ ఉంచండి, ల్యాబ్ టెక్నీషియన్ బయట కూసున్నడు. పెన్ను నాదే, మళ్ల నాకియ్యండి.