గట్టు వేస్తే పంట పండుతుందా? అనంతపురం వాలు చేలపై చర్చ

యాంకర్: నమస్కారం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, లోతు తక్కువ ఎర్రనేల, వాన మీదే ఆధారపడ్డ వేరుశనగ. అనంతపురం వాలు చేలలో పైమట్టి నిలిచేదెలా, దిగుబడి పెరిగేదెలా? కల్యాణదుర్గం వైపు నుంచి ఒక మహిళా రైతు, రిటైరైన నేలల శాస్త్రవేత్త, వాటర్‌షెడ్ పనులు చూసిన ఇంజనీరు మనతో ఉన్నారు. అక్కా, మీ చేనుకు గట్లున్నాయా?

రైతు: ఉండాయి సార్, ఉపాధి పనిలో వేసినవే. మొదటి పెద్ద వానకే మూల దగ్గర గండి పడింది. దాని కింద మోకాలి లోతు కోసుకుపోయింది. మట్టంతా కిందిచేనాయన పాలు.

ఇంజనీరు: గట్టు హద్దు మీదే వేశారా?

రైతు: ఇంకెక్కడేస్తారు? చేను నడుమ వేస్తే ట్రాక్టరు తిరగదు.

ఇంజనీరు: అసలు తంటా అదే. హద్దు సర్వే రాయిని బట్టి పోతుంది, నీళ్లు వాలును బట్టి పోతాయి. హద్దు గట్టు వెంట పారి, పల్లపు మూలలో తెంచుకుంటాయి. సమమట్టం గీత మీద, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో పోయే గీత మీద వేస్తే పొడవునా ఆగుతాయి. ఆ గీత కనుక్కోవడానికి మిషన్లక్కర్లేదు. రెండు కర్రలు పైన కలిపి కట్టి, నడుమ ఒకటి అడ్డంగా బిగించి, కొస నుంచి దారానికి రాయి వేలాడదీయండి. దారం అడ్డకర్ర మధ్య గుర్తు మీద నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఇక ఎక్కువైన నీళ్లు బయటికి పోను రాళ్లతో అలుగు కట్టని గట్టు ఎక్కడున్నా తెగుతుంది.

యాంకర్: మట్టి ఆగితే దిగుబడి పెరిగినట్టేనా సార్?

శాస్త్రవేత్త: అక్కడే తొందరపడతాం. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మట్టి పోయిందంటే నాలుగు ఘనపు మీటర్లు, సుమారు ఆరు టన్నులు. కంటికి తెలియదు. ముందు పోయేది సత్తువున్న సన్న మట్టే. కాబట్టి గట్టు కావాల్సిందే. కానీ ఈ ఏటి పంటకు దానివల్ల మేలు తక్కువ. నీళ్లు గట్టు పక్కన నిలుస్తాయి, నడిమి చేను ఎండుతుంది. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు పదును చేనంతా ఉండాలి. అందుకే వాలుకు అడ్డంగా విత్తి, పన్నెండు అడుగులకో గొడ్డుచాలు, అంటే నీళ్లు ఆగేందుకు విత్తనం వేయని చాలు, తీయమంటాం.

రైతు: ట్రాక్టరాయన చేను పొడుగున్న దిక్కుకే తోల్తాడు సార్, మలుపులు తక్కువని. బాడుగ గంటల లెక్కన. మా చేను పొడుగు వాలు దిక్కే.

శాస్త్రవేత్త: అయితే ప్రతి చాలూ ఒక కాలువే!

ఇంజనీరు: గట్టుకైతే ఉపాధి హామీలో కొలతలుంటాయి, బిల్లవుతుంది. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. అడ్డదుక్కిని ఎవరు కొలుస్తారు?

శాస్త్రవేత్త: ఇంకోటుంది. వేరుశనగను కోయరు, పీకుతారు. వేరుతో సహా వచ్చేస్తుంది, కాయ తీశాక మిగిలిన కట్టె పశువుల మేతకు పోతుంది. గుల్లబారిన నేల మీద ఆ తర్వాత పడే వానకు అడ్డేదీ ఉండదు. మధ్యలో కంది సాళ్లుంటే వేరుశనగ పీకాక కూడా చేనులో పైరు నిలుస్తుంది, ఆకు రాలుతుంది.

రైతు: నేనొక్కదాన్నే కంది వేస్తే ఊరి మేకలన్నీ నా చేన్లోకే. శెనక్కాయ పీకినాక చుట్టూ బీడే కదా, కాపలా ఎవరుంటారు?

ఇంజనీరు: పక్క నాలుగు చేలవాళ్లూ కలిసి వేయాలమ్మా. గట్లయినా పైచేను నుంచే మొదలుపెట్టాలి.

రైతు: పైచేనాయన బెంగళూరులో ఉంటాడు సార్. కౌలుకిచ్చినాడు. ఏటికొకరు మారతారు. ఎవరినడగాల?